గేర్ బాక్స్ ఆయిల్ తగ్గిపోతోంది, కింద చుక్క కూడా కనబడదు. పాత జీపులున్నవాళ్లు కాస్త చెప్పండి

మెళియాపుట్టి జీపు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, మెళియాపుట్టి దగ్గర పల్లె. మా నాన్నగారి కాలం నుంచి ఉన్న మహీంద్రా సీజే 3బి జీపు, మూడు గేర్ల బాక్సు, పక్కన రెండు చిన్న లివర్లు ఉండే పాత రకం. కొండ మీద జీడితోట ఉంది. పిక్కల సీజన్‌లో బస్తాలు దింపడానికి రోజూ పైకీ కిందికీ తిరగాల్సిందే, దారిలో ఒక గెడ్డ దాటాలి, వానలు పడితే అందులో సగం చక్రం వరకు నీళ్లుంటాయి.

సంగతి ఏటంటే, రెండు నెలల కిందట గేర్ బాక్స్ ఆయిల్ తక్కువుందని మెకానిక్ నింపాడు. మొన్న మళ్లీ ఫస్ట్‌లోనూ సెకండ్‌లోనూ ఊళ పెట్టినట్టు శబ్దం మొదలైంది, టాప్ గేరులో వేస్తే మాత్రం ఏమీ ఉండదు. పక్క బోల్టు విప్పి వేలు పెడితే ఆయిల్ అందలేదు. మరి కారిపోయిందా అంటే జీపు నిలబెట్టే చోట నేల పొడిగానే ఉంది. అట్ట ముక్క పరిచి రెండు రాత్రులు చూశాను, ముందు వైపు ఒక్క చుక్క లేదు. ఇంకోటి, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు గానీ హ్యాండ్ బ్రేక్ అస్సలు పట్టడం లేదు, ఏడాదిలో రెండుసార్లు లైనర్ మార్పించాను. బస్తాలతో ఏటవాలులో ఆపాలంటే టెన్షన్‌గా ఉంటోంది, ప్రతిసారీ ఎవరో ఒకరు దిగి చక్రానికి రాయి పెట్టాలి.

ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఆయిల్ ఎప్పుడూ చూడలేదు. అది ఎలా చూడాలో కూడా చెప్పండి.

బొబ్బిలి జిప్సీ:

అన్నా, ముందు ఒక్క మాట. బోల్టు విప్పి చూసినప్పుడు జీపు ఎక్కడ నిలబెట్టారు? వాకిట్లో కాస్త వాలుగా ఉన్నా, ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపినా, లోపల ఆయిల్ వెనక్కి పోతుంది, కన్నం దగ్గర తక్కువగా కనబడుతుంది. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. నేనైతే మా ఊరి రైస్ మిల్లు కాటా పక్కనున్న సిమెంటు గచ్చు మీదే చూస్తాను, ప్రతిసారీ అదే చోటు, అప్పుడే పోయినసారికీ ఈసారికీ తేడా తెలుస్తుంది.

ఒక ఐదారు కిలోమీటర్లు తిప్పి, ఆపి, పావుగంట ఆగండి. వెంటనే విప్పితే ఆయిల్ ఇంకా పళ్ల మీద, గోడల మీద ఉంటుంది, పైగా చెయ్యి కాలుతుంది. ఆ పక్క బోల్టు, అంటే లెవెల్ ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్‌తో గోకి గుడ్డతో తుడిచాకే పానా పెట్టండి, లేకపోతే కొండ ఇసుకంతా లోపల పడుతుంది. వేలు మొదటి కణుపు దాకా పెట్టి కిందికి వంచితే, కన్నం అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. అంచుతో సమానంగా ఉంటే సరిపోయినట్టే. తక్కువుంటే పోస్తూ ఉండండి, కన్నంలోంచి బయటికి కారుతుంది, ఆ కారడం ఆగాక ప్లగ్ బిగించండి. ట్రాన్స్‌ఫర్ బాక్స్‌కి కూడా ఇదే పద్ధతి, దానికి వేరే లెవెల్ ప్లగ్, వేరే డ్రెయిన్ ప్లగ్ ఉంటాయి.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు పైనున్న లెవెల్ ప్లగ్ విప్పండి, అది వచ్చిందని తేలాకే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోండి. మా అన్నయ్య ముందు కిందిది తీసి ఆయిలంతా దింపేశాడు, తీరా చూస్తే పైది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, బండిని తాడు కట్టి లాక్కెళ్లాల్సి వచ్చింది.

నా జిప్సీలో గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ బాక్సు వేరువేరుగా ఉంటాయి, మధ్యలో చిన్న షాఫ్టు. ఒకదాంట్లో 1.3 లీటర్లు, రెండోదాంట్లో 0.8 లీటర్లు పడుతుంది. మీ జీపులో రెండూ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కదా, నాకు అక్కడే అనుమానంగా ఉంది, కానీ దాని గురించి తెలిసినవాళ్లు చెప్తే మంచిది.

రాజాం డీజిల్:

శబ్దం వస్తోందంటే ఆయిల్ పల్చబడింది. 140 నంబరు గేర్ ఆయిల్ పోసేయండి, చిక్కగా ఉంటుంది, శబ్దం తగ్గిపోతుంది. డబ్బా మీద ఆయిల్ రకం జీఎల్ 5 అని రాసి ఉన్నది తీసుకోండి, జీఎల్ 4 కన్నా అదే పై రకం. మా ట్రాక్టరుకి అలాగే చేశాను.

పాత పానా:

మాస్టారూ, 140 పోయకండి. శబ్దం తగ్గినట్టే వినబడుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. చిక్కటి ఆయిల్ చలికాలం పొద్దున్న సన్నటి సందుల్లోకి చేరదు, గేరు మార్చడం కూడా కష్టమవుతుంది. ఈ జీపుల గేర్ బాక్సుకీ ట్రాన్స్‌ఫర్ బాక్సుకీ రెంటికీ 90 నంబరే. రాజాం తమ్ముడు మంచి ఉద్దేశంతోనే చెప్పాడు గానీ, జీఎల్ 5 అంటే జీఎల్ 4 కన్నా నాణ్యత ఎక్కువని కాదు, దాని పని వేరు. ముందూ వెనకా ఇరుసుల హౌసింగుల్లో క్రౌను, పినియను అనే గేర్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి అక్కడ జీఎల్ 5 కావాలి. గేర్ బాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడి జాతివి, జీఎల్ 5లో కలిపే గంధకం మందు వాటిని తినే ప్రమాదం ఉంది. గేర్ బాక్సుకి జీఎల్ 4 తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నేను సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నాను, సాలూరు అప్పట్లో విజయనగరం జిల్లాలోనే ఉండేది. లారీలతో పాటు కొండ మీద నుంచి వచ్చే జీపులు చాలా చూశాను. మీరు చెప్పిన మూడు లక్షణాలూ విడివిడి జబ్బులు కావనిపిస్తోంది.

గేర్ బాక్స్ మెయిన్ షాఫ్టు వెనక కొన నేరుగా ట్రాన్స్‌ఫర్ బాక్సులోకి వెళ్తుంది. మధ్యలో ఉన్నది ఒక బేరింగూ, ఆయిల్ దాటకుండా ఆపే ఒక సీలూ. అవి అరిగితే గేర్ బాక్సులోని ఆయిల్ నేల మీద పడదు, పక్క గదిలోకి వెళ్లిపోతుంది. గేర్ బాక్సు కాస్త పైన ఉంటుంది కాబట్టి దిగువకే పోతుంది. పైగా మీరు రోజూ కొండెక్కుతారు, ముక్కు పైకెత్తిన జీపులో ఆయిలంతా వెనక బేరింగు దగ్గరే నిలబడుతుంది. అందుకే మీ అట్ట ముక్క పొడిగా ఉంది.

ట్రాన్స్‌ఫర్ బాక్సు నిండిపోతే ఆ ఎక్కువైనది ఎక్కడికి పోవాలి? వెనక సీలు లోంచి బయటికి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనకే, షాఫ్టు మీద ఉంటుంది. ఆయిల్ తిన్నగా దాంట్లో పడుతుంది. లైనర్లు తడిసిపోతే బ్రేకు పట్టదు, మీరు ఇంకో పదిసార్లు మార్చినా పట్టదు. డ్రమ్ము విప్పి చూడండి, నల్లగా జిడ్డుగా ఉంటే నా మాట నిజమని తేలుతుంది.

టాప్ గేరులో శబ్దం లేకపోవడం కూడా దీనికి సరిపోతుంది. మూడో గేరులో శక్తి తిన్నగా దాటిపోతుంది, బాక్సు అడుగున ఉన్న గేర్ల గుత్తి మీద బరువు పడదు. ఫస్ట్, సెకండ్‌లో అదంతా ఆ గుత్తి ద్వారానే పోవాలి, దానికి ఆయిల్ అందడం లేదు. దయచేసి ఆయిల్ నింపకుండా బస్తాలు ఎక్కించకండి.

ఇలా చేయండి. రెండు లెవెల్ ప్లగ్గులూ ఒకే పూట, ఒకే చోట విప్పండి. ట్రాన్స్‌ఫర్ బాక్సు ప్లగ్ తీసేటప్పుడు కింద డబ్బా పెట్టుకోండి, పొంగి వచ్చిన ఆయిల్‌ని పారబోయకుండా కొలవండి. గేర్ బాక్సులో ఎంత పట్టిందో అదీ రాసుకోండి. గెడ్డ దాటుతున్నారు కాబట్టి ఇంకో పరీక్ష కూడా ఉంది. జీపుని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ట్రాన్స్‌ఫర్ బాక్సు డ్రెయిన్ ప్లగ్‌ని రెండు చుట్లు మాత్రం వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, లోపల ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు అప్పటికే కలిసిపోయినట్టు, మొత్తం దింపేయాలి.

కింద దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మకండి. వెనక చక్రం ఒకటి పైకి లేస్తే ఈ హ్యాండ్ బ్రేకు బాగున్నా పని చేయదు, ఎందుకంటే లేచిన చక్రం ఎదురు తిరిగి నేల మీదున్న దాన్ని వదిలేస్తుంది. రెండు వైపులా చెక్క దిమ్మలు వేయాల్సిందే.

బొబ్బిలి జిప్సీ:

నీళ్ల గురించి నేనొకటి కలుపుతాను. వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాగుతుంది, గాలి ఆడే కన్నం, అంటే బ్రీదరు, నీళ్లలో ఉంటే నీళ్లనే లాగుతుంది. గెడ్డ ఒడ్డున పది నిమిషాలు ఆగి చల్లబడ్డాక దిగితే మంచిది. నా బండికి బ్రీదర్లకి సన్నటి రబ్బరు పైపులు తొడిగి ఇంజిన్ గది పైదాకా కట్టాను. బ్రీదరు మట్టితో మూసుకుపోతే ఇంకో బాధ, లోపల వేడికి ఒత్తిడి పెరిగి మంచి సీలు లోంచి కూడా ఆయిల్ తోసేస్తుంది. సీలు మార్చేముందు బ్రీదరు ఊదితే గాలి పోతోందో లేదో చూడండి.

మెళియాపుట్టి జీపు (మూడు రోజుల తర్వాత):

గురువుగారూ, మీరు చెప్పినట్టే చేశాను. పంచాయతీ ఆఫీసు ముందు గచ్చు మీద నిలబెట్టి రెండూ విప్పాం. గేర్ బాక్సులో అర లీటరు పట్టింది. ట్రాన్స్‌ఫర్ బాక్సు ప్లగ్ వదులు చేస్తుండగానే ఆయిల్ ధారగా వచ్చేసింది, సీసాలో కొలిస్తే దాదాపు 400 మిల్లీలీటర్లు. మిగతాది ఎక్కడికి పోయిందో డ్రమ్ము విప్పితే తెలిసింది, లోపలంతా జిడ్డు, లైనర్లు నానిపోయి ఉన్నాయి. రెండుసార్లు డబ్బు పెట్టి మార్పించాను, ఒక్కరు కూడా అసలు ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందని చూడలేదు, బాధనిపించింది.

నీళ్లు రాలేదు, రంగు నల్లగానే ఉంది. డ్రెయిన్ ప్లగ్‌కి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంది, ముక్కలేమీ లేవు. బ్రీదరు కూడా ఊదితే గాలి పోతోంది. ఆయిల్ నింపాక సెకండ్‌లో శబ్దం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. సీలు మార్చాలంటే గేర్ బాక్సు దింపాలా? పిక్కలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి.

పాత పానా:

మెత్తటి ముద్ద మామూలే, వేళ్ల మధ్య నలిపితే గరగర లేకపోతే భయం లేదు. పళ్ల ముక్కలుంటే వేరే మాట. మిగిలిన శబ్దం బేరింగుదై ఉంటుంది, ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వెనక బేరింగు కూడా మార్చేయండి.

గేర్ బాక్సు మొత్తం దింపక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ బాక్సు వెనక పీటీఓ (బయటి యంత్రాలకి శక్తి ఇచ్చే చోటు) కవరు విప్పితే మెయిన్ షాఫ్టు నట్టు కనబడుతుంది. ఆ నట్టు, దాని గేరు తీశాక ట్రాన్స్‌ఫర్ బాక్సుని వెనక్కి లాగొచ్చు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బాక్సుతో పాటు షాఫ్టు కూడా వెనక్కి జారి వస్తే గేర్ బాక్సులో సింక్రో ముక్కలు విడిపోయి కింద పడతాయి, అప్పుడు మొత్తం దింపాల్సిందే. గేర్ బాక్సు పై కవరు తీసి, షాఫ్టుని గట్టి తీగతో ముందుకు లాగి కట్టి ఉంచమని మీ మెకానిక్‌కి చెప్పండి, ఆయన పక్కనే నిలబడి చూడండి. తిరిగి బిగించేటప్పుడు నట్టు దగ్గర షాఫ్టు గాడులకి కాస్త సిలికాన్ పూయిస్తే ఆ సందుల్లోంచి కూడా ఆయిల్ పాకదు. వెనక డ్రమ్ము వైపు సీలు కూడా అదే పూట మార్చండి, నానిన లైనర్లు కడిగితే పనికి రావు, కొత్తవే వేయండి.

అన్నీ అయ్యాక 100 కిలోమీటర్లు తిరిగి, అదే గచ్చు మీద రెండు ప్లగ్గులూ మళ్లీ విప్పి ఎంతుందో ఇక్కడ రాయండి. పై కవరు మూసే ముందు ఆ తీగ తీశారో లేదో మీ కళ్లతో చూసుకోండి.