మెకానికల్ డిస్క్ నుంచి హైడ్రాలిక్‌కి: మన హైదరాబాద్ రైడ్లకి ఎన్ని పిస్టన్లు, ఏ ఆయిల్?

మియాపూర్ రైడర్:
అన్నలూ, ఒక డౌట్ తేల్చండి. నాది 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని సైకిల్). వైరుతో పనిచేసే మెకానికల్ డిస్క్ బ్రేకులు, రెండు వైపులా 160 ఎంఎం రోటర్లు (ప్యాడ్లు నొక్కే డిస్కులు). నా బరువు 84 కిలోలు. మామూలు రోజుల్లో గండిపేట చుట్టూ తిరుగుతా, సెలవు దొరికితే అనంతగిరి. అక్కడ ఎర్రమట్టి దిగుడులో నాలుగు వేళ్లూ వేసి లివర్ పిండాల్సి వస్తోంది, కిందికి చేరేసరికి ముంజేతులు పట్టేస్తున్నాయి. షాపాయన నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ సెట్, అంటే వైరు బదులు ఆయిల్ ఒత్తిడితో పిస్టన్లు ప్యాడ్లని నొక్కేది, డాట్ రకం ఆయిల్‌ది వేసుకోమంటున్నాడు. ఫ్రెండేమో మెకానికల్ చాలంటున్నాడు. బడ్జెట్ 8 వేలు. ఏం చేయమంటారు?

ఉప్పల్ పెడల్:
మార్చొద్దు. ముందు ఉన్నవాటిని సరిగ్గా సెట్ చేయించండి. సైకిల్‌తో వచ్చే ఔటర్ కేబుల్ (వైరు మీది తొడుగు) మెత్తగా ఉంటుంది, మీరు పెట్టే బలంలో కొంత ఆ ఔటర్ నొక్కుకుపోవడానికే సరిపోతుంది. గట్టి ఔటర్, స్టెయిన్‌లెస్ ఇన్నర్, మంచి ప్యాడ్లు వేస్తే తక్కువ ఖర్చులో తేడా తెలుస్తుంది. అడవిలో వైరు తెగితే బ్యాగులో ఉన్న స్పేర్ వైరు వేసుకుని బయల్దేరతాం. అదే హైడ్రాలిక్‌లో హోస్ (ఆయిల్ గొట్టం) చీలితే? సిరంజీ, ఆయిలూ మోసుకెళ్లం కదా. రోడ్డు దాకా నడిపించుకుంటూ రావాలి.

గండిపేట గేర్:
ఉప్పల్ అన్న ఔటర్ గురించి చెప్పింది నిజం. కానీ దానితో మియాపూర్ తమ్ముడి బాధ తీరదు. చవక మెకానికల్ కాలిపర్‌లో (ప్యాడ్లని పట్టుకుని ఉండే భాగం) ఒక పక్క ప్యాడే కదులుతుంది. అది రోటర్‌ని అవతలి ప్యాడ్ మీదకి వంచి ఆపుతుంది. ప్యాడ్ అరిగిన కొద్దీ మనమే స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చుకోవాలి. వానాకాలంలో మన మొరం, గ్రానైట్ ఇసుక బురదలో కలిసి ప్యాడ్ మీద పడితే రెజిన్ ప్యాడ్ ఆకురాయి మీద పెట్టినట్టు అరుగుతుంది. పొద్దున బిగించిన లివర్ మధ్యాహ్నానికి గ్రిప్ దాకా వచ్చేస్తుంది. హైడ్రాలిక్‌లో రెండు పక్కల నుంచీ పిస్టన్లు వస్తాయి, ప్యాడ్ అరిగిన మేరకు అవే ముందుకు జరిగి కూర్చుంటాయి. ఒక్క వేలితో ఆపగలిగితే మిగతా వేళ్లు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. రాళ్ల దిగుడులో అసలు లాభం అదే.

ఇక పిస్టన్లు. నాలుగు పిస్టన్లు పెద్ద ప్యాడ్‌ని నొక్కుతాయి, బలం ఎక్కువే, వేడిని తట్టుకోవడమూ ఎక్కువే. కాదనను. కానీ ఆ అవసరం ఎక్కడొస్తుంది? హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ దాదాపు 3,980 మీటర్ల ఎత్తు, కింద మనాలి దాదాపు 2,050. అలా బ్రేకు మీద చెయ్యి తీయకుండా దిగే చోట వస్తుంది. అనంతగిరిలో గానీ ఖాజాగూడ గుట్టల్లో గానీ దిగుడు కాసేపట్లో అయిపోతుంది, బ్రేకు చల్లారుతుంది. ఆ డబ్బు ముందు చక్రం రోటర్ మీద పెట్టండి. 160 నుంచి 180కి వెళ్తే అదే వేలి బలానికి ఆపే శక్తి 12.5 శాతం పెరుగుతుంది. షిమానో ఎంటీ200 లాంటి, మినరల్ ఆయిల్‌తో (డాట్ కాని ఇంకో రకం బ్రేకు ఆయిల్) పనిచేసే రెండు పిస్టన్ల సెట్, ముందు 180, వెనక 160. కాలిపర్‌కి అడాప్టర్ కావాలి, ఫోర్క్ తయారుచేసిన కంపెనీ 180 ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. వెనక పాత రోటర్ మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే మెటల్ ప్యాడ్లు అస్సలు వేయొద్దు, రోటర్ త్వరగా అరిగిపోతుంది.

అత్తాపూర్ ఎంటీబీ:
దీనికి నేను ఒప్పుకోను. నేను 102 కిలోలు. అందరికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? పెద్ద రోటర్ వేసినా రెండు పిస్టన్లతో నాకు ధైర్యం రాలేదు, ముందు చక్రానికి నాలుగు పిస్టన్లది వేశాకే టెన్షన్ పోయింది. ఇక ఆయిల్ సంగతి. డాట్ 4 సీసా ఏ బైక్ మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది. మినరల్ ఆయిల్ కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. సర్వీసు దొరికేదాన్ని వదిలి దొరకనిదాన్ని ఎందుకు పెట్టుకోవాలి?

గండిపేట గేర్:
మీ బరువుకి ముందు చక్రానికి నాలుగు పిస్టన్లు సరైన పనే. ఆపేటప్పుడు భారమంతా ముందు చక్రం మీదకే వస్తుంది, కాబట్టి ఖర్చు పెడితే అక్కడే పెట్టాలి.

ఆయిల్ విషయంలో మాత్రం మీతో గట్టిగా విభేదిస్తాను. ఎక్కడపడితే అక్కడ డాట్ దొరకడమే మన ఊళ్లో పెద్ద ప్రమాదం. నా పాత సైకిల్‌కి ఉన్నవి మినరల్ ఆయిల్ బ్రేకులు. ఒక మెకానిక్ ‘బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటే’ అంటూ అందులో డాట్ 4 పోసేశాడు. సీళ్లు ఉబ్బిపోయి లివర్ వెనక్కి రావడం మానేసింది. లివరూ కాలిపరూ రెండూ మార్చాల్సి వచ్చింది. ఏ ఆయిల్ వాడాలో బ్రేకు మీదే రాసి ఉంటుంది, మెకానిక్‌కి వేలుపెట్టి చూపించండి.

పైగా డాట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. కాబట్టి క్రమం తప్పకుండా మార్చాల్సిందే. పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది. ఇన్నేళ్లూ డాట్ వాడిన స్రామ్ కంపెనీ కూడా 2022లో డీబీ8 బ్రేకుకీ, 2024లో మేవెన్ బ్రేకుకీ మినరల్ ఆయిలే పెట్టింది.

అత్తాపూర్ ఎంటీబీ:
తప్పు ఆయిల్ పోయడం మెకానిక్ తప్పు, డాట్ తప్పు కాదు. మినరల్ ఆయిల్‌లోకి నీళ్లు దిగితే అవి కలవవు, అడుగున కాలిపర్‌లో చేరతాయి. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. అదీ చెప్పండి మరి.

గండిపేట గేర్:
సరైన మాటే. ఏ ఆయిలైనా బ్లీడింగ్ (పాత ఆయిల్, గాలి తీసేసి కొత్తది నింపడం) మానేస్తే కుదరదు. తమ్ముడి వాడకానికి మాత్రం నా ఓటు మినరల్‌కే.

మియాపూర్ రైడర్:
ఇంకో చిక్కుంది. నా సైకిల్‌కి గేర్ షిఫ్టరూ బ్రేక్ లివరూ ఒకే ముక్కగా వచ్చాయి. ఇప్పుడెలా?

ఉప్పల్ పెడల్:
అందుకే వద్దన్నాను! బ్రేకు మారిస్తే షిఫ్టర్లూ మారాలి. మీది 3 బై 8 (ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు) అయితే అల్టస్ ఎం315 లాంటి విడి షిఫ్టర్లు సరిపోతాయి. వాటి ఖర్చు కూడా ఆ 8 వేలలోనే లెక్కేసుకోండి. లేదా జూమ్ హెచ్‌బీ100 లాంటి కాలిపర్ చూడండి. లివరూ వైరూ పాతవే ఉంటాయి, ఆయిల్ కాలిపర్‌లోనే ఉంటుంది, రెండు పక్కలా ప్యాడ్లు కదులుతాయి. నన్నడిగితే మీకు అదే సరిపోతుంది.

గండిపేట గేర్:
అది మధ్యే మార్గం. కానీ బురద చేరే ఔటర్ అలాగే ఉంటుందిగా. నేనైతే షిఫ్టర్లు కూడా కలిపే మారుస్తాను. కొనేటప్పుడు ఇంకోటి చూడండి. బయటి దేశాల లెక్కలో వచ్చే సెట్లలో చాలావాటికి ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది. మనకి బైకు అలవాటు, కుడి చెయ్యే ముందు బ్రేకు. అనుకోని చోట గట్టిగా నొక్కితే ఎగిరి ముందుకు పడతారు. హోసులు అటూ ఇటూ మార్పించి బ్లీడ్ చేయించాకే సైకిల్ తెచ్చుకోండి.

మియాపూర్ రైడర్:
ఫోర్క్‌కి 180 దాకా ఓకేనట, ఇప్పుడే చూశాను. ఎంటీ200, విడి షిఫ్టర్లు, ముందు 180 రోటర్. ఇదే ఫిక్స్. ఉప్పల్ అన్నా, ఏమీ అనుకోకండి.

ఉప్పల్ పెడల్:
అనుకోవడానికేముంది. హోస్ కోసే ముందు మాత్రం హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి పొడవు చూడమనండి. కోసిన చోట జాయింట్‌లో పెట్టే చిన్న ముక్కలు, ఆలివ్, ఇన్సర్ట్ రెండూ కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడనివ్వకండి. కారులో అనంతగిరి తీసుకెళ్తూ ముందు చక్రం తీస్తే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. లేకపోతే ఎవరో లివర్ నొక్కుతారు, అక్కడికెళ్లాక రోటర్ లోపలికి దూరదు.