అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరుగు మీద ఎక్కువ ఆధారపడే క్వార్టర్‌బ్యాక్‌ను (పాస్‌లు విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాణ్ణి) తేల్చేదెలా?

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో) దీనికి మొత్తం రషింగ్ గజాలు, అంటే బంతితో పరుగెత్తి సాధించినవి, చూస్తే చాలా?

జవాబు: చాలదండీ, వాటా చూడాలి. రషింగ్ గజాలను రషింగ్, పాసింగ్ (పాస్ విసిరి సాధించిన) గజాలు రెండిటి మొత్తంతో భాగించండి. 2019లో లమార్ జాక్సన్ రషింగ్ 1,206, పాసింగ్ 3,127, అంటే 27.8 శాతం. 2022లో జస్టిన్ ఫీల్డ్స్ రషింగ్ 1,143, పాసింగ్ 2,242, అంటే 33.8 శాతం.

మరో జవాబు: గజాల వాటా పాసింగ్ బలహీనంగా ఉన్నవాణ్ణి ఊరికే పైకి లేపేస్తుంది. పరుగుల (బంతితో పరుగెత్తిన సార్ల) సంఖ్యను పరుగులు, పాస్ ప్రయత్నాలు, శాక్‌ల (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టిన సార్ల) మొత్తంతో భాగించండి. జాక్సన్ 600లో 176 (29.3 శాతం), ఫీల్డ్స్ 533లో 160 (30 శాతం). తేడా దాదాపు మాయం! ఇంకోటి, గడియారం కరిగించడానికి మోకాలు ఆన్చే నీల్‌డౌన్‌లూ పరుగులుగానే నమోదవుతాయి. పై లెక్కలో అవి తీయలేదు, మీరు తీసేయండి.

ప్రశ్న: కాలేజీ ఆటకూ ఇదేనా?

జవాబు: అక్కడ శాక్‌లు పరుగుల ఖాతాలోకే వెళ్తాయి, పోయిన గజాలతో సహా. ముందు వాటిని విడదీయాలి.