పోర్టులో కంటైనర్ తెరిచింది సీబీఐ అయితే, ఎన్‌సీబీ పనేంటి?

సీతమ్మధార_చదువరి:
2024 మార్చిలో మన విశాఖ పోర్టుకొచ్చిన కంటైనర్‌ని డ్రగ్స్ అనుమానంతో సోదా చేసింది సీబీఐ. పాడేరు నుంచి దిగే గంజాయి పట్టేది పోలీసులు, రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక దళం ఈగల్. మరి దేశమంతటికీ అని పెట్టిన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో (ఎన్‌సీబీ) ఎక్కడుంది? దాని పైన ఎవరు? గ్రూప్స్ పుస్తకాల్లో రెండు లైన్లే ఉన్నాయండి.

ఫైలు_మనిషి:
1985 మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 4(3) కింద 1986 మార్చి 17న ఏర్పాటైంది. మొదట ఆర్థిక శాఖ కింద ఉండేది, ఇప్పుడు హోం శాఖ కింద. పైన డైరెక్టర్ జనరల్, మామూలుగా ఐపీఎస్. ఆయన కింద రీజియన్లు చూసే డిప్యూటీ డైరెక్టర్ జనరళ్లు, జోన్‌కో జోనల్ డైరెక్టర్, తర్వాత సూపరింటెండెంట్లు, ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు. చాలామంది పోలీసు, కస్టమ్స్, కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. పని తెలిసేసరికి సొంత శాఖకు వెళ్లిపోతారు, అసలు బలహీనత అదే. ఇక గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ వేరు, నల్లమందు సాగు లైసెన్సులు దానివి. పరీక్షల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

బీచ్‌రోడ్_లా:
ఎన్‌సీబీకి గుత్తాధిపత్యం ఏమీ లేదు. సోదా, అరెస్టు అధికారాలు కస్టమ్స్, డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ నిఘా విభాగం), రాష్ట్ర పోలీసు, ఎక్సైజ్ అందరికీ ఉన్నాయి. కంటైనర్ కబురు ఇంటర్‌పోల్ నుంచి వచ్చింది, ఇంటర్‌పోల్‌కి ఇక్కడి వాకిలి సీబీఐ. అందుకే వాళ్లు దిగారు. ఎన్‌సీబీ అసలు పని ఇన్ని చేతుల్ని కలపడం. దానికే ఎన్‌కార్డ్ అనే సమన్వయ కమిటీలు నాలుగు అంచెల్లో ఉన్నాయి, జిల్లా అంచెలో కలెక్టర్ కూర్చుంటారు. రాష్ట్రంలో సెబ్ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) రద్దయ్యాక 2024 చివర్లో ఈగల్ వచ్చింది, ఐజీ స్థాయి అధికారి కింద. ఫోన్ 1972. కేంద్రం నంబరు 1933.

సీతమ్మధార_చదువరి:
ఇన్ని ఏజెన్సీలు ఉన్నా కేసులు ఎందుకు వీగిపోతాయండి?

బీచ్‌రోడ్_లా:
ఎవరు పట్టుకున్నా పాటించాల్సిన కాగితం ఒకటే, జారిపోయేదీ అక్కడే. రహస్య సమాచారం అందితే సెక్షన్ 42 ప్రకారం రాసుకుని 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి. ఘాట్ రోడ్డు మీద ఆపింది ప్రైవేటు కారయితే అది బహిరంగ స్థలం లెక్కలోకి రాదని 2021లో సుప్రీంకోర్టు బూటా సింగ్ కేసులో చెప్పింది, అంటే అక్కడ సెక్షన్ 42 పాటించాల్సిందే. బస్సయితే బహిరంగ స్థలాలకు వర్తించే సెక్షన్ 43 సరిపోతుంది. ఒంటిమీద వెతికితే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు వెతికించుకునే హక్కు ఉందని చెప్పాలి. సంచికి అది వర్తించదు. అరెస్టు, జప్తు రిపోర్టు పైకి 48 గంటల్లో వెళ్లాలి. 2022 రూల్స్ వచ్చాక శాంపిల్ తీసేది మేజిస్ట్రేట్ ముందే, గంజాయికి 24 గ్రాములు, రెండు సెట్లు. రోడ్డు మీదే పొట్లాలు కట్టే పాత అలవాటు ఇంకా పోలేదు.

ఫైలు_మనిషి:
ఇంకోటి, తూకం. చట్టంలో గంజాయి అంటే పూత లేదా కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా వట్టి ఆకులు, గింజలు లెక్కలోకి రావు. 20 కిలోల పైన కమర్షియల్, సెక్షన్ 37 అడ్డం వచ్చి బెయిలు కష్టం. 21 కిలోలు అని రాసిన పంచనామాలో బస్తా బరువు, కాడలు, ఆకు తీసేస్తే ఎంత మిగిలింది అన్నది డిఫెన్స్ మొదటి ప్రశ్న. ఆ వివరం లేకపోతే కేసు కమర్షియల్ కన్నా తక్కువైన మధ్యరకం పరిమాణానికి జారిపోవచ్చు.

బీచ్‌రోడ్_లా:
అవును. పైగా 2020 తోఫాన్ సింగ్ తీర్పు తర్వాత సెక్షన్ 67 కింద ఎన్‌సీబీ ఆఫీసర్ ముందు ఇచ్చిన ఒప్పుకోలు కూడా సాక్ష్యంగా చెల్లదు. ఇక మిగిలింది సరుకు, సీలు, పంచనామా.