యూకేలో రెస్టారెంట్ నడిపేవాళ్లు సంఘంలో చేరాలా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో మా బావా నేనూ చిన్న రెస్టారెంట్ నడుపుతున్నాం. బంగ్లాదేశ్ క్యాటరర్స్ అసోసియేషన్ (ఇక్కడి బంగ్లాదేశీ రెస్టారెంట్ల వాళ్ల సంఘం) లాంటి సంఘాల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక ఏడాదికోసారి సూటేసుకుని డిన్నర్‌లో ఫొటోలు దిగడమేనా? తందూర్ మనిషి మానేసి మూడు వారాలైంది, రాత్రి 11 దాకా నాన్‌లు నేనే కాలుస్తున్నా, చేతి మీద వెంట్రుక మిగల్లేదు.

జవాబు 1: మనిషిని మాత్రం వాళ్లూ తేలేరు అన్నా. 2025 జులై 22 నుంచి బయటి దేశాల చెఫ్‌లకి కొత్తగా స్కిల్డ్ వర్కర్ వీసా లేదు. ఇక్కడున్నవాళ్లలోనే వెతుక్కోవాలి.

జవాబు 2: ఆ సంఘం 1960 నుంచి ఉందండి. వీసాలు, వ్యాట్ గురించి ప్రభుత్వాన్ని అడిగేది ఇలాంటివాళ్లే. బియ్యం, ఉల్లి, చికెన్ కొంటే వ్యాట్ సున్నా, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను అని ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకునేదేం లేదు, అదే వండి ప్లేట్‌లో పెడితే 20 శాతం కట్టాలి. కోవిడ్‌లో 5కి తగ్గించినప్పుడు కాస్త ఊపిరాడింది. ఒక్కరే వెళ్లి అడిగితే ఎవరు వింటారు?

జవాబు 3: నేను వేరే సంఘంలో రెండేళ్లు డబ్బు కట్టా, ఫోనే ఎత్తేవాళ్లు కాదు. ముందు మీ ఏరియా మీటింగ్‌కి ఊరికే వెళ్లి కూర్చోండి.

ప్రశ్న అడిగినవారు: సోమవారం మాకు సెలవే, వెళ్తా. ఈలోపు తందూర్ తెలిసినవాళ్లుంటే మెసేజ్ పెట్టండి ప్లీజ్.