హాట్ టబ్ నీళ్లు: క్లోరిన్ వేస్తున్నా స్ట్రిప్ మీద కనిపించడం లేదు, పీహెచ్ దిగి నిలవడం లేదు

ఫ్రిస్కో పెరడు:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మేము ఈమధ్య కొన్న ఇంటి పెరట్లో పాత యజమానులు వదిలివెళ్లిన 400 గ్యాలన్ల (దాదాపు 1,500 లీటర్ల) హాట్ టబ్ ఒకటి ఉంది. పాత నీళ్లు తీసేసి, గోడలు తుడిచి, తోట గొట్టంతో కొత్త నీళ్లు పట్టాము. అప్పటి నుంచి టబ్‌లో దిగిన ప్రతిసారీ డైక్లోర్ అనే క్లోరిన్ పొడి వేస్తూ, టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకుంటూ వస్తున్నాము.

నాకు అర్థం కాని సంగతులు కొన్ని ఉన్నాయి. నీళ్లు పట్టిన రోజున, మేము ఇంకా ఏమీ కలపకముందే, స్ట్రిప్ మీద టోటల్ క్లోరిన్ గడి రంగు మారింది కానీ ఫ్రీ క్లోరిన్ గడి తెల్లగానే ఉండిపోయింది. పీహెచ్ 7.8కి పైనే ఉంటోంది. యాసిడ్ పొడి వేస్తే దిగుతుంది, జెట్లు కాసేపు నడిపితే మళ్లీ ఎక్కుతుంది. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తోంది, పిల్లలకు కళ్లు మండుతున్నాయి, నీటి మీద నురగ తేలుతోంది, అయినా మర్నాటికి ఫ్రీ క్లోరిన్ గడి మళ్లీ తెల్లగానే ఉంటోంది. వాసన అంతగా వస్తున్నప్పుడు ఇంకా వేయాలా, తగ్గించాలా? విజయవాడ నుంచి మా అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. మోకాళ్లకు హాయిగా ఉంటుందని అమ్మ దిగాలనుకుంటున్నారు కాబట్టి, ఈ నీళ్ల సంగతి తేలేవరకు వారిని దింపడానికి నాకు మనసొప్పడం లేదు.

ప్లేనో పాతకాపు:
ముందు మొదటి సందేహం తీరుస్తాను, ఎందుకంటే అది మీ టబ్‌లో లోపం కాదు. మన ప్రాంతానికి నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ క్లోరిన్‌కు అమోనియా జోడించి క్లోరమైన్‌గా మార్చి పంపుతుంది. ఏటా వసంతంలో, సాధారణంగా మార్చిలో, కొన్ని వారాల పాటు మాత్రం అమోనియా ఆపి ఉత్త క్లోరిన్ వాడతారు. ఫ్రీ గడి దేనితోనూ కలవని క్లోరిన్‌ను మాత్రమే చూపుతుంది కాబట్టి, క్లోరమైన్ టోటల్ గడిలో కనిపిస్తుంది, ఫ్రీ గడిలో కనిపించదు. కొత్త నీళ్లలో మీరు వేసే మొదటి మోతాదులో కొంత దాన్ని విరగగొట్టడానికే ఖర్చవుతుందని లెక్కలోకి తీసుకోండి.

ఇక వాసన గురించి. ఆ ఘాటు క్లోరిన్ ఎక్కువైనందువల్ల రాదండీ. చెమటతోనూ ఒంటి మీది ఇతర మలినాలతోనూ క్లోరిన్ కలిసిపోయి, పూర్తిగా కాలిపోకుండా మిగిలినప్పుడు వస్తుంది. దాన్నే కంబైన్డ్ క్లోరిన్ అంటారు, కళ్లు మండించేదీ అదే. వాసన వచ్చిందని క్లోరిన్ తగ్గిస్తే అది ఇంకా పేరుకుంటుంది. ఫ్రీ ఎంత, కంబైన్డ్ ఎంత అన్నది విడివిడిగా తెలిస్తే తప్ప ఏం చేయాలో చెప్పలేము, స్ట్రిప్ ఆ తేడాను నమ్మదగినంతగా చూపలేదు.

అందుకని ఫాస్-డీపీడీ పద్ధతిలో కొలిచే చుక్కల కిట్ ఒకటి తెప్పించుకోండి. జెట్లు కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, మోచేతి లోతు నుంచి నీళ్లు తీయండి. సీసాలో 10 మిల్లీలీటర్లు పోసి కిట్‌లోని పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. రెండో సీసాలోని ద్రావణాన్ని ఒక్కొక్క చుక్కే వేస్తూ, ప్రతి చుక్కకూ సీసాను గుండ్రంగా తిప్పుతూ, రంగు పూర్తిగా విరిగిపోయేవరకు లెక్కపెట్టండి. ఒక్కో చుక్క 0.5 పీపీఎం (పది లక్షల వంతుల నీటిలో అన్ని వంతులు) ఫ్రీ క్లోరిన్. తర్వాత కిట్‌లోని మూడో సీసాలోది 5 చుక్కలు వేయండి. గులాబీ రంగు తిరిగి వచ్చిందంటే అది కంబైన్డ్ క్లోరిన్, దాన్నీ అలాగే చుక్కలతో విరిచి కొలవాలి. అది 0.5 దాటకుండా చూసుకోవాలి. ఈ ద్రావణాలను గరాజ్‌లో పెట్టకండి, టెక్సస్ ఎండకు చెడిపోతాయి.

మరొక మాట: క్లోరిన్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మామూలు డీపీడీ రంగు ఎగిరిపోయి సున్నాలాగా కనిపిస్తుంది. ఎక్కువ మోతాదు వేసిన వెంటనే తెల్ల గడి కనిపిస్తే క్లోరిన్ లేదనుకుని మళ్లీ వేయకూడదు.

ఇర్వింగ్ కెమిస్ట్రీ:
పీహెచ్ గురించి నేను రాస్తాను. దానికి కారణం ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునేలా నీళ్లలో ఉండే బైకార్బనేట్ పరిమాణం. నీళ్లలోని బైకార్బనేట్‌తో పాటు కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది ఉన్నంతసేపు పీహెచ్‌ను కిందికి పట్టి ఉంచుతుంది. వేడి నీళ్లలో గాలి బుడగలు కొట్టే జెట్లు నడిపితే, గోలీ సోడా కొట్టినప్పుడు పొంగినట్టు ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. ఆల్కలినిటీ ఎంత ఎక్కువ ఉంటే వాయువు అంత ఎక్కువ పోతుంది. చాలా సీసాల మీద 80 నుంచి 120 పీపీఎం అని రాసి ఉంటుంది. బయట ఎండలో కదలకుండా ఉండే ఈత కొలనుకు అది సరిపోవచ్చు గాని, జెట్లు ఉన్న టబ్‌లో 50 నుంచి 70 మధ్య ఉంచితేనే పీహెచ్ నిలకడగా ఉంటుందని నా అభిప్రాయం.

దించే పద్ధతి ఇది. యాసిడ్ పొడి (సోడియం బైసల్ఫేట్) పీహెచ్‌నూ ఆల్కలినిటీనీ రెండింటినీ దించుతుంది. జెట్ల గాలి పీహెచ్‌ను మాత్రమే పెంచుతుంది, ఆల్కలినిటీని ముట్టుకోదు. కాబట్టి పీహెచ్ 7.2కు వచ్చేలా పొడి వేయండి, గాలి పూర్తిగా తెరిచి, మూత తీసి జెట్లు నడపండి, 7.6కి ఎక్కాక మళ్లీ పొడి వేయండి, ఆల్కలినిటీ అనుకున్న చోటికి దిగేదాకా ఇలాగే చేయండి. మీ టబ్‌లో ఆల్కలినిటీ 10 పీపీఎం దిగాలంటే సుమారు 40 గ్రాముల పొడి పడుతుంది. ఎప్పుడైనా మరీ దిగిపోతే 25 గ్రాముల వంటసోడా మళ్లీ 10 పెంచుతుంది. యాసిడ్ పొడినీ క్లోరిన్‌నూ ఒకే గిన్నెలో గాని, ఒకదాని వెంట ఒకటిగా గాని కలపవద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఫ్రిస్కో పెరడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చుక్కల కిట్ వచ్చింది, కొలిచాను. ఫ్రీ క్లోరిన్ 1, కంబైన్డ్ 1.5, పీహెచ్ 7.8, ఆల్కలినిటీ 130. సయన్యూరిక్ ఆమ్లం పరీక్షలో నీళ్లు పాలలా మారి, గొట్టం అడుగున నల్ల చుక్క చాలా ముందుగానే మాయమైంది. గీత 90 దగ్గర ఉంది. ఈ చివరి అంకె మంచిదా, చెడ్డదా?

ప్లేనో పాతకాపు:
మీ తిప్పలన్నిటికీ మూలం ఆ చివరి అంకెలోనే ఉందండీ. డైక్లోర్ అంటే క్లోరిన్ ఒక్కటే కాదు, సయన్యూరిక్ ఆమ్లం కూడా. డైక్లోర్‌తో ప్రతి 10 పీపీఎం క్లోరిన్ వేసినప్పుడల్లా 9 పీపీఎం ఆమ్లం చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆమ్లం మాత్రం నీళ్లు మార్చేదాకా అక్కడే ఉంటుంది. అది క్లోరిన్‌ను పట్టి ఉంచుతుంది; ఎండ తగిలే కొలనులో అది మేలే, మూత వేసి ఉంచే టబ్‌లో ఆ మేలుతో మనకు పని లేదు. 90 దగ్గర మీ 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్ క్రిములను చంపే వేగం చాలా తక్కువ. యాసిడ్ పొడితో గాని, షాక్‌తో (ఒకేసారి పెద్ద మోతాదు క్లోరిన్ వేయడంతో) గాని దీన్ని సరిచేయలేము. నీళ్లు పారబోయడం ఒక్కటే మార్గం.

పారబోసే ముందు గొట్టాలను శుభ్రం చేయండి, ఎందుకంటే పాత యజమానుల నాటి జిగురు పొర లోపల అలాగే ఉండి ఉంటుంది, మీరు వేసే క్లోరిన్‌ను తెల్లారేసరికి తినేసేది అదే అయ్యుంటుంది. టబ్ గొట్టాల కోసమే అమ్మే పర్జ్ మందు వేసి జెట్లు నడిపితే, నీటి అంచున గోధుమరంగు మడ్డి తేలుతుంది. తుడిచి, క్లోరిన్ సున్నాకు దిగాకే పచ్చికలోకి వదలండి. బ్రేకర్ ఆపకుండా నీళ్లు తీయవద్దు, హీటర్ పాడవుతుంది. కొత్త నీళ్లు ఫిల్టర్ గుంటలోంచి పడితే పంపులో గాలి చిక్కుకోదు.

తర్వాత మొదట ఆల్కలినిటీ, ఆ తర్వాత పీహెచ్, చివర క్లోరిన్. నేనైతే మొదట్లో కొన్ని మోతాదులు మాత్రం డైక్లోర్ వేసి, సయన్యూరిక్ 30 దగ్గరికి వచ్చాక ఆపేసి, ఆపైన మామూలు బ్లీచ్‌కు మారతాను. మీ టబ్‌కు మొత్తం మీద 90 గ్రాముల డైక్లోర్ వేస్తే ఆ 30 వచ్చేస్తుంది. బ్లీచ్ సువాసన లేనిది, చిక్కదనం కోసం ఏమీ కలపనిది అయి ఉండాలి. 7.5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు మీ నీళ్లలో 1 పీపీఎం పెంచుతుంది. ఈత కొలనులో వేసే ట్రైక్లోర్ బిళ్లలు మాత్రం టబ్ దరిదాపులకు రానివ్వకండి; అవి బాగా ఆమ్ల గుణం కలవి, వాటితోనూ సయన్యూరిక్ పేరుకుంటుంది.

కేటీ నివాసి:
మేము హ్యూస్టన్ పక్కన బ్రోమిన్ వాడుతున్నాము. దానికి సయన్యూరిక్ ఆమ్లంతో పని లేదు, పీహెచ్ కాస్త ఎక్కినా శక్తి అంతగా తగ్గదు. అయితే కనీసం 4 పీపీఎం ఉండాలి, ఖర్చూ ఎక్కువే. ఒకసారి నీళ్లలో బ్రోమైడ్ చేరిందంటే తర్వాత వేసే క్లోరిన్ కూడా దాన్ని బ్రోమిన్‌గానే మారుస్తుంది కాబట్టి, క్లోరిన్‌కు తిరిగి రావాలంటే నీళ్లు మార్చవలసిందే.

ఇర్వింగ్ కెమిస్ట్రీ:
ప్లేనో వారి సలహాల్లో ఒక్కదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను. సయన్యూరిక్ ఆమ్లాన్ని, అది కలిసిన క్లోరిన్‌ను హాట్ టబ్‌లలో వాడవద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, అంటే సీడీసీ, సూచిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లు మాత్రమే దిగే ఇంట్లో 30 పీపీఎం పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. దానివల్ల క్లోరిన్ కరుకుదనం తగ్గి మూతా బట్టలూ ఎక్కువ కాలం మన్నుతాయన్న మాట నిజమే. కానీ ఇక్కడ దిగబోయేది పెద్దవారు. లెజియోనెల్లా బ్యాక్టీరియా సుమారు 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య పెరుగుతుంది, టబ్ ఉష్ణోగ్రత సరిగ్గా ఆ మధ్యలో ఉంటుంది. జెట్ల నుంచి లేచే తుంపరను పీల్చినప్పుడు అది ఊపిరితిత్తులకు చేరుతుంది, 50 ఏళ్లు దాటినవారికి ముప్పు ఎక్కువ. అందువల్ల మీరు మొదటి రోజు నుంచీ ఉత్త బ్లీచ్‌తోనే నడపండి. బ్లీచ్ పీహెచ్‌ను పెంచుతుందని భయపడనక్కరలేదు; వేసినప్పుడు కొంచెం పెరిగినా, క్లోరిన్ ఖర్చయ్యేటప్పుడు దాదాపు అంతా తిరిగి దిగుతుంది.

నీళ్లు నిలకడకు వచ్చాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఎవరూ దిగని రోజు రాత్రి ఫ్రీ క్లోరిన్ 5 దగ్గరికి తెచ్చి కొలవండి, 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి. ఓజోన్ యంత్రం లేని టబ్‌లో నాలుగో వంతుకు మించి పోకూడదు. అంతకన్నా ఎక్కువ పోతుంటే గొట్టాల్లో ఇంకా ఏదో ఉన్నట్టే, మళ్లీ శుభ్రం చేయాలి.

ఫ్రిస్కో పెరడు:
పర్జ్ మందు వేశాను, మీరు చెప్పినట్టే గోధుమరంగు పొరలు తేలాయి. ఈ వారాంతంలో నీళ్లు మారుస్తాను, బ్లీచ్‌తోనే మొదలుపెడతాను. అమ్మను దింపే రోజున ప్రత్యేకంగా ఏమేమి చూసుకోవాలి?

ఇర్వింగ్ కెమిస్ట్రీ:
ఆ 24 గంటల పరీక్షలో నీళ్లు నెగ్గే వరకు అమ్మగారిని ఆగమనండి. బీపీ, గుండె, షుగర్ మందులు వాడుతున్నట్లయితే ముందు వారి డాక్టరును అడగండి. 104 డిగ్రీల ఫారెన్‌హీట్ పై హద్దు. పెద్దవారికి 100 దగ్గర పెట్టి, పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీసుకురావడం మేలు. వారు లేచేటప్పుడు చేయి అందించండి, వేడిలోంచి లేస్తే కళ్లు తిరగవచ్చు.

దిగే ముందు మీరే కొలవండి, నిన్నటి అంకె మీద ఆధారపడవద్దు. ఫ్రీ క్లోరిన్ 3కు తగ్గకుండా, పీహెచ్ 7.0 నుంచి 7.8 లోపల ఉండాలి. 3 కన్నా తక్కువ ఉంటే బ్లీచ్ వేసి, మూత తీసి, జెట్లు అరగంట నడిపి, తిరిగి కొలిచాకే పిలవండి. కంబైన్డ్ 0.5 దాటి ఉంటే ఆ పూటకు వాయిదా వేయండి. అందరూ దిగేముందు సబ్బుతో స్నానం చేస్తే, ఒంటి నూనె, లోషన్, బట్టల్లో మిగిలిన డిటర్జెంట్ నీళ్లలోకి రావు, నురగా తగ్గుతుంది. బయటికి వచ్చాక వెంటనే 5 దగ్గరికి మళ్లీ బ్లీచ్ వేయండి, మూత కాసేపు తెరిచి ఉంచి అప్పుడు మూయండి.

ప్లేనో పాతకాపు:
పెద్దవారి విషయంలో ఇర్వింగ్ వారి మాటే పాటించండి. కొత్త నీళ్లు పట్టాక మొదటి కొలతలు ఇక్కడ పెట్టండి, ఆల్కలినిటీ ఎంత దించాలో కలిసి లెక్క వేద్దాం.