సమస్య: చెవులు చూచె సందె చెలువమెల్ల

సమస్య యిచ్చినవారు: ఇది ఆటవెలది పద్యానికి నాలుగవ పాదము; పై మూడు పాదాలు కూర్చి, ఈ వింత మాటకు అర్థము కుదర్చడమే పూరణ. నాటకము, పాట, పద్యము, ప్రసంగము ఒకదాని వెంట ఒకటిగా వచ్చే ఆకాశవాణి సాయంత్రము పూరణకు విషయము. ప్రాసనియమము లేదు గాని, ప్రతి పాదములోను మొదటి అక్షరముతో నాలుగవ గణము మొదటి అక్షరానికి యతి (ధ్వని పొందిక) కుదరాలి.

మొదటి పూరణ:

చిప్ప చిప్ప తాఁకఁ జెంగున గుర్రముల్
పరుగులెత్తె, రేకు పట్టి యూఁప
నుఱుము లుఱిమె నింట. నొదిగి కూర్చున్న మా
చెవులు చూచె సందె చెలువమెల్ల.

పరిశీలన: స్టూడియోలో రెండు కొబ్బరిచిప్పలను తాటించి గుర్రపు డెక్కల చప్పుడును, పలుచని ఇనుపరేకును ఊపి ఉరుమును పుట్టించిన శ్రవ్యనాటక విద్య ఇందులో కళ్లకు కట్టింది. 'తాఁకన్' తరువాత 'చెంగున'లోని చకారము జకారమైనా, చ–జలకు మైత్రి ఉన్నది కనుక యతి చెడలేదు. 'ఇంట' అన్న చిన్న మాట ఈ పద్యానికి ప్రాణము. ఉరుము ఆకాశములో గాక ఇంటిలో ఉరిమినది కనుకనే చూడవలసిన పని చెవులకు వచ్చింది.

రెండవ పూరణ:

అంధుఁడైన తాత యరుగుపైఁ గూర్చుండి
వినుచు, వీణతీఁగె వెంట నడచి
కృష్ణ యొడ్డుఁ జేరెఁ, గిలకిల నవ్వె, నా
చెవులు చూచె సందె చెలువమెల్ల.

పరిశీలన: అమ్మా, వీణతీగె వెంట నడవడమన్న భావన నన్ను చాలాసేపు కదలనీయలేదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారాలు మొదలుపెట్టినది ఆ కృష్ణ ఒడ్డు నగరములోనే కనుక, తాతగారు చేరిన చోటు కూడా సరిగ్గా అమరింది. అయితే కిలకిల నవ్వడము పసిపిల్లలకు తగినట్లు ఈ వృద్ధునికి తగదు. 'గేల్మోడ్చె, నవ్వృద్ధు' అని మార్చితే యతి నిలుస్తుంది, నది ముందు చేతులు జోడించిన మనిషి కనబడతాడు.

మూడవ పూరణ (ఇది నా మొదటి పద్యము, తప్పులు దిద్దగలరు):

పద్య మొకటి పాడఁ బరవశించెను గుండె;
చేను దున్ను తీరుఁ బలికె నొకఁడు;
రచ్చబండ మీఁది రైతన్న లందఱి
చెవులు చూచె సందె చెలువమెల్ల.

పరిశీలన: కవితను, వ్యవసాయ ప్రసంగాన్ని ఒకచోట చేర్చినందుకు నాకెంతో సంతోషము కలిగింది, పల్లెలో ఆ రెండూ ఒకే పెట్టెలో నుండి వచ్చేవి. రెండవ పాదములో 'చే'కు 'బ'తో యతి కుదరదు. 'జెప్పె నొకఁడు' అంటే సరిపోతుంది. అంతకంటె పెద్ద చిక్కు మూడవ పాదములో ఉన్నది. రచ్చబండ మీద కూర్చున్నవారికి పడమటి ఆకాశమంతా ఎదుటనే ఉంటుంది. కళ్లు చూస్తూనే ఉండగా చెవులు చూచెననడానికి కారణమేమిటి? ఆ కారణము చూపనిదే సమస్య తీరదు.

మూడవ పూరణ కర్త: మీ ప్రశ్నతో మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ముసురు పట్టిన సాయంత్రము తడిసిన కండువాను గుమ్మములో పిండి, తలుపు దగ్గరగా వేసి, రేడియో సెట్టు వేడెక్కి గొంతు పలికేదాకా దాని ముందే కూర్చొనేవారు. మార్చి వ్రాశాను.

పద్య మొకటి పాడఁ బరవశించెను గుండె;
చేను దున్ను తీరుఁ జెప్పె నొకఁడు;
ముసురు పట్ట నింట మూలఁ జేరిన రైతు
చెవులు చూచె సందె చెలువమెల్ల.