మొగమాటంలో ఉన్నది మాటా, ఓటమా?

ఆరో రీలు:
సన్‌సెట్ బులెవార్డ్ (1950) ఇక్కడ చాలామంది చూసినవాళ్ళే కాబట్టి నేరుగా అడిగేస్తున్నాను. టాకీలొచ్చాక మరుగునపడ్డ మూకీ తార నార్మా డెస్మండ్ తన పాత మూకీని ఇంట్లో వేయించుకుని చూస్తూ, మాకు డైలాగులతో పనిలేదు, మొహాలుండేవి అంటుంది కదా. మా ఇంట్లో ఆ క్యాసెట్ వేసినప్పుడు నాకు పదేళ్ళు. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని మాట మాటా తెలుగు చేసి చెప్పేవాడు. అక్కడ ఆయన అన్నది ముప్పాతికే గుర్తుంది: "మాటలు దేనికే మాకు? మొహాలుండేవి. మాటలొచ్చాక మిగిలింది మొగ..." ఆ తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోతున్నాను. మొగమాటమే అన్నాడా, మొగమోటమే అన్నాడా? 'హ' కాదు, 'గ' అన్నది మాత్రం ఖాయం. తాతయ్య ఇప్పుడు లేడు. మీరైనా చెప్పండి.

అరసున్న:
మొగమోటమే, సందేహం అక్కర్లేదు. అసలు పదం మొగమోటమి. మొగము, ఓటమి. పాతవాళ్ళు 'మొగమోడు' అనేవారు, దాక్షిణ్యానికి లొంగిపోవడం అని. ఎదుటివాడి మొగం చూడగానే మనం ఓడిపోతాం, కాదనలేం. 'మాట' అందులోకి తర్వాత దూరింది. 'ఓటమి' తెలియనివాళ్ళకి 'మాట' అని వినపడింది, అలాగే నిలిచిపోయింది.

నేలటికెట్టు:
మాష్టారూ, ఆ వాక్యాన్ని పైకి చదివి చూడండి. 'మాటలు దేనికే' అని ఎత్తుకున్నవాడు 'మాట' మీదే దింపుతాడు. మాటల్లేనప్పుడు మొహాలు, మాటలొచ్చాక మొగమాటం. మాటకి మాట తగిలితేనే ఆ చమత్కారం. మా వైపు మొగమాటపడకు, కావలసింది అడుగు అంటారు. నోటిదాకా వచ్చిన మాట మొగం చూసి ఆగిపోవడం అది. ఇందులో ఓడిందెవరు?

అరసున్న:
మాటే ఓడింది. మీరే చెప్పారు, ఆగిపోయిందని. పోనీ, నా అర్థంతో మరోసారి చదవండి: మాటలొచ్చాక మిగిలింది మొగానికి ఓటమే. నార్మా కథంతా ఆ ఒక్క ముక్కలో లేదూ? తాతగారు అనువాదం దాటి వ్యాఖ్యానం చేశారు. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పేవాళ్ళుండేవారు. ఆయన ఆ కోవ మనిషి.

పారిజాతం:
ఓటమి నార్మాది. ఆ వేషం కట్టిన గ్లోరియా స్వాన్సన్‌ది కాదు. ఈ రెండూ కలిపేసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆవిడ మొదటి టాకీ ట్రెస్పాసర్ (1929)కే ఆస్కార్ నామినేషన్ వచ్చింది, పైగా అందులో పాడింది కూడా. గొంతు లేక వెనకబడిన మనిషి కాదు. ఇంకోటి, ఆ సీన్లో గోడమీద ఆడే మూకీ స్వాన్సన్ నిజంగా నటించిన క్వీన్ కెల్లీ. అది తీసిన స్ట్రోహైమ్ ఇక్కడ నౌకరు మాక్స్ వేషంలో ఉన్నాడు. తను తీసిన బొమ్మని తనే ప్రొజెక్టర్ మీద వేస్తాడు. నార్మా ఉన్నట్టుండి లేచి ప్రొజెక్టర్ వెలుగులో నిలబడుతుంది, సిగరెట్ పొగ ఆ వెలుగులోనే సుడి తిరుగుతుంటుంది, మొహం సగం తెల్లగా కాలిపోతున్నట్టు ఉంటుంది. ఆ షాట్‌కి తెలుగులో మాట నంది తిమ్మన దగ్గరే ఉంది. 'అనవిని వ్రేటువడ్డ యురగాంగనయుం బలె' అని లేచిన సత్యభామ. దెబ్బతిన్న ఆడపాము అని అందరూ అక్కడే ఆగిపోతారు. కింద చూడండి: 'హెచ్చిన కనుదోయి కెంపు తన చెక్కులఁ గుంకుమ పత్రభంగ సంజనిత నవీన కాంతి వెదచల్లఁగ'. కళ్ళ ఎరుపు చెక్కుల మీద పడి, అక్కడ దిద్దుకున్న కుంకుమ మకరికలకి కొత్త మెరుపు వచ్చిందట. మనిషి బుగ్గ మీద పడ్డ వెలుగుని అంత దగ్గరికెళ్ళి చూసిన కవి ఇంకొకడున్నాడా?

నేలటికెట్టు:
ఉన్నాడమ్మా, మీ తిమ్మన కన్నా ముందే ఉన్నాడు, పోతన. 'పరుఁ జూచున్ వరుఁ జూచు నొంప నలరింపన్'. అదే సత్యభామ, నరకుడితో యుద్ధం. పగవాడి వైపు తిరిగితే బొమముడి, మొగుడి వైపు తిరిగితే చిరునవ్వు. ప తీసి వ పెట్టాడు, మొహం మారిపోయింది! కెమెరా అటూ ఇటూ తిప్పినట్టు లేదూ? తిమ్మనది ఒక్క షాట్. పోతనది ఎడిటింగ్. ఒకే పద్యంలో, ఒకే మొహం మీద, రెండు రసాలు. మూకీ నటికి పరీక్ష పెట్టాలంటే ఈ పద్యం ఇచ్చి చేసి చూపించమనాలి.

పారిజాతం:
పోతనని కాదనే ధైర్యం నాకు లేదు. కానీ ఆ పద్యంలో కళ్ళూ కనుబొమలూ నవ్వూ అన్నీ జంటలు జంటలుగా తూకం వేసినట్టు వస్తాయి. అది కవి చేతి నేర్పు. తిమ్మన సత్య మాత్రం తనని ఎవరు చూస్తున్నారో మరిచిపోయి మండిపోతుంది.

చీకటి గది:
ఆలస్యంగా వచ్చాను. నా వోటు 'మాట'కే, కారణం వేరు. మీరంతా మూకీ వైపునుంచి చూస్తున్నారు. ఇది నువార్ కూడా, అంటే నేరాలూ చీకటి నీడలూ నిండిన సినిమా. (నోయిర్ అని రాసేవాళ్ళకి మనవి, అది ఫ్రెంచి పదం, పలికేది నువార్ అనే.) సినిమా అంతా కథ చెప్పే గొంతు ఎవరిది? ఈతకొలనులో బోర్లా తేలుతున్న శవానిది. ఆ చచ్చిన జో గిల్లిస్ వృత్తేమిటి? సినిమాలకి రాయడం. మొదట తీసిన ఎత్తుగడ శవాగారంలో మొదలవుతుంది, కాళ్ళకి చీటీలు కట్టిన శవాలు మాట్లాడుకుంటాయి. ప్రివ్యూలో జనం నవ్వేసరికి డైరెక్టర్ వైల్డర్ అది కోసేశాడు. కోసినా గొంతు మాత్రం ఉండిపోయింది. మాటలన్నీ చచ్చినవాడివి, మొహం బతికున్న ఆవిడది. అంతకు ఆరేళ్ళ ముందు వైల్డర్, డిటెక్టివ్ నవలల ఛాండ్లర్ కలిసి రాసిన డబుల్ ఇండెమ్నిటీ సినిమాలోనూ అంతే, తూటా తిన్నవాడు మాటలు రికార్డు చేసే మెషీన్ ముందు కూర్చుని కథ చెబుతాడు. నువార్‌లో మాట పోయేవాడి సొత్తు. తాతగారు మాట మీద విరిచి ఉంటే ఆయన ఈ సంగతి పట్టుకున్నట్టే.

అరసున్న:
అంతా బాగుంది. కానీ అడిగింది వైల్డర్ ఏమనుకున్నాడని కాదు, తాతగారు పలికిన అక్షరం ఏదని. 'హ' కాదు 'గ' అని ఆవిడ ఖాయంగా చెబుతున్నారు. 'గ' నిలబెట్టుకున్న నోరు 'ఓ'నీ నిలబెట్టుకుంటుంది. పాత రూపం సగం ఉంచి సగం వదిలెయ్యరు.

నేలటికెట్టు:
ఎందుకు వదిలెయ్యరు? నేను రోజూ మొగమాటం అంటాను. గ ఉంది, మా ఉంది.

పారిజాతం:
పేకాట సీను గుర్తుచేసుకోండి ఒకసారి. నార్మాతో కూర్చున్నవాళ్ళలో బస్టర్ కీటన్ ఉంటాడు. రాతిమొహం అని లోకమంతా పిలిచిన మనిషి. అక్కడ ఆయన నోటి వెంట వచ్చేది 'పాస్' ఒక్కటే. ఆ మొహం చూశాక నాకు ఓటమే సరిపోయిందనిపిస్తోంది. అరసున్న గారూ, మీ వైపు వచ్చేస్తున్నాను.

ఆరో రీలు:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఉండబట్టలేక అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఇలా అంది: "అది మీ తాత అన్నమాట కాదే. ఆయన మొహాలుండేవి దాకానే చెప్పాడు. తర్వాతది నేనన్నాను, ఆయన నవ్వాడు." ఇన్నేళ్ళూ తాతయ్య గొంతుతోనే వింటున్నాను దాన్ని! ఏమన్నావో మళ్ళీ అనమని నాలుగుసార్లు అనిపించుకున్నాను. ముందుపళ్ళు లేవు, సిగ్నల్ అంతంతమాత్రం. ఆ మూడో అక్షరం నాలుగుసార్లూ మాకీ మోకీ మధ్యన పడింది. నిదానంగా అనమంటే, "మామూలుగా అందరూ అనేదే అన్నాను" అంటుంది.

నేలటికెట్టు:
అందరూ అనేదే అందిగా. మాటే.

అరసున్న:
అమ్మమ్మగారిది ఏ ఊరండీ?

ఆరో రీలు:
పుట్టింది కందుకూరు, కాపురం తెనాలి.

నేలటికెట్టు:
తెనాలి మాది. అక్కడ 'మోటం' నేను విన్లేదు.

అరసున్న:
అత్తారింట్లో ఎన్నేళ్ళున్నా ఇలాంటి మాటలు పుట్టింటివే పలుకుతారు. ఒక పని చేయండమ్మా. ఈసారి వీడియో కాల్ చేయండి. చెవిని నమ్మకండి, పెదాలు చూడండి. మా అయితే నోరు తెరుచుకుంటుంది, మో అయితే పెదాలు గుండ్రంగా ముందుకొస్తాయి.

ఆరో రీలు:
పొద్దున్నే చేస్తాను. ఇప్పటికి పడుకుని ఉంటుంది.